పేరు ఒక్కటే దాచిన కథ

జరిగి దగ్గరగా కూర్చోండి. ఇది వాకిట్లో నిలబడి గొంతెత్తి చెప్పే సంగతి కాదు. కుర్చీ ఎందుకు, ఈ చాప మీదికే రండి. మంచినీళ్లు పక్కన పెట్టుకోండి. నీళ్ల మాట ముందుగా ఎందుకన్నానో వింటుంటే మీకే తెలుస్తుంది.

మాది పుప్పాలగూడ. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఇక్కడ అద్దాల మేడలు లేవు, జొన్నచేలు ఉండేవి. మా ఇంటి ముందు బర్రెల కొట్టం ఉండేది. నేను పాలు పితికి ఇల్లిల్లూ తిరిగి పోసేదాన్ని. ఆ కొట్టంలో ఇప్పుడు కిరాయిదారుల కార్లు నిలబడుతున్నాయి. వెనక మూడంతస్తుల ఇల్లు కట్టుకున్నాం. కింద నేను, మా ఆయన, ఆయన అక్క ఉంటాం. పై అంతస్తులు కిరాయికి ఇచ్చాం. నాకు చదువు రెండో తరగతితో ఆగింది. కూడబలుక్కుని చదువుతాను. విన్నది మాత్రం మరచిపోను. పెళ్లిళ్లలో పసుపు దంచేటప్పుడు పాత ముచ్చట చెప్పాలంటే మా ఊరి ఆడవాళ్లు నాకే కబురు పెడతారు.

మా ఆయన అక్కను నేను వదినె అని పిలుస్తాను. భర్త పోయాక, పిల్లలు లేని మనిషి, తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. వచ్చిన నాటి నుంచి ఒక చెంబు పక్కన పెట్టమని కూడా ఎవరినీ అడగలేదు. తన బట్టలు తానే ఉతుక్కునేది. మేం లేవకముందే ఉతికి ఆరేసేది. ఎంత పౌరుషం గల మనిషి అనుకునేదాన్ని.

మా పైన ఉండే అమ్మాయిది గోదావరి వైపు. మొగుడూ పెళ్లాలిద్దరూ హైటెక్ సిటీలో ఆఫీసులకు పోతారు. అందరిలాగే కంప్యూటర్ పని అనుకున్నాను. ఆ అమ్మాయిది వేరే పనట. డాక్టర్లు ఏళ్ల తరబడి పరిశోధన చేసి తెలుసుకున్న సంగతులను చదివి, రాసి పెడుతుంది. ఒకే సంగతిని రెండుసార్లు రాస్తుంది. ఒకసారి డాక్టర్లు చదివేలాగా, ఇంకోసారి మాలాంటి వాళ్లు వినేలాగా.

"ఏది కష్టం బిడ్డా?" అని అడిగాను ఒకసారి.

"మీకు చెప్పేదేనండీ పిన్నిగారూ," అంది. "డాక్టర్లకైతే తెలియనిది తెలియదని రాసేస్తే సరిపోద్ది. మీకు అదే చెబితే, అవన్నీ కాదు, తగ్గుద్దా తగ్గదా ఒక్క మాటలో చెప్పమంటారు."

"మరి చెప్పరాదా?"

"చెప్పకూడదండీ. చాలామందికి తగ్గుద్ది, అందరికీ తగ్గదు. ఈ రెండు ముక్కలూ కలిపే చెప్పాలి. ఒకటి వదిలేస్తే అబద్ధమైపోద్ది."

మొన్న ఎండాకాలంలో ఆ అమ్మాయికి ఒక పని తగిలింది. పెద్ద వయసు ఆడవాళ్లకు వచ్చే ఒక ఇబ్బంది మీద పరిశోధన. డాక్టర్ల ముందు ఇంగ్లీషులో ఒకసారి, తర్వాత మా సందు చివరి అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో మామూలు ఆడవాళ్ల ముందు తెలుగులో ఒకసారి మాట్లాడాలి. ఇంగ్లీషుది అయిపోయింది, అందరూ మెచ్చుకున్నారట. తెలుగుది మాత్రం మెట్ల మీద కూర్చుని నాకూ వదినెకూ చదివి వినిపించేది. మేం చింతపండు గింజలు తీస్తూ వినేవాళ్లం.

"మూత్ర విసర్జనపై నియంత్రణ కోల్పోవుట," అని మొదలుపెట్టింది.

నాకు నవ్వాగలేదు. "రేడియోల వార్తలు చదివినట్టున్నది బిడ్డా."

"మరి మీరేమంటారండీ?"

నేను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాను. "ఒంటికి ఆగకపోవుడు అంటం. అంటం గాని, ఎవరం అనం."

ఆ అమ్మాయి అది రాసుకుంది. మా వదినె తల ఎత్తలేదు. "ఆడోళ్ల ముచ్చట మెట్ల మీద ఎందుకే, గేటు తీసే ఉన్నది," అంది.

"నీకేమాయె వదినె, నీ గురించా ఏంది?" అన్నాను నేను. ఊరికే, వేళాకోళానికి అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లులాగా ఉంది.

తర్వాత నేను మియాపూర్‌లో ఉన్న మా చెల్లెలి ఇంటికి పోయి కొన్నాళ్లు ఉండి వచ్చాను. వచ్చేసరికి పైన అమ్మాయి నన్ను చూసే తీరు మారింది. మెట్లెక్కుతుంటే మోచేయి పట్టుకుంటోంది. "ప్రయాణంలో ఇబ్బందేం కాలేదు కదండీ? బస్సు మధ్యలో ఆపించుకున్నారా?" అని అడుగుతోంది. బస్సెందుకు ఆపుతారో నాకు అర్థం కాలేదు. కన్నబిడ్డ కూడా ఇంత అడగదు, ఎంత మంచి పిల్ల అనుకున్నాను.

అంత మంచి పిల్ల మాట్లాడుతుంటే కుర్చీలు ఖాళీగా ఉండకూడదని, ఆదివారానికి జనాన్ని నేనే పోగు చేశాను. చెబుతుంటే ఇప్పుడూ తల వంగిపోతోంది. పాత ఊరంతా తిరిగాను. కల్లు దుకాణం వెనక ఇళ్లకు పోయాను, కుమ్మరోళ్ల ఇళ్లకు పోయాను. "మా పైన పిల్ల చెప్తది, జర వచ్చి వినుండ్రి, చాయ్ కూడా ఇస్తరు," అని ఒక్కొక్కరిని బతిమాలి తీసుకువచ్చాను. నా సిగ్గు చూడడానికి నేనే పిలుపులు చేసుకున్నాను.

క్లబ్‌హౌస్ చల్లగా ఉంది. ముందు వరుసల్లో ఫ్లాట్ల ఆడవాళ్లు, కోస్తా వైపు నుంచి వచ్చి కొడుకుల దగ్గరో కూతుళ్ల దగ్గరో ఉంటున్నవాళ్లు. వెనక వరుసల్లో మా ఊరివాళ్లు. నేను మధ్యలో, అందరికీ కనిపించేలా కూర్చున్నాను. ముదురు ఎరుపు చీర కట్టుకున్నాను. మా వదినె తలుపు పక్కన చివరి కుర్చీలో కూర్చుంది. ఆమె ఎక్కడికి పోయినా తలుపు పక్కనే కూర్చుంటుంది.

అమ్మాయి బాగా చెప్పింది. ఆ మాటా అనాలి. దగ్గినా, తుమ్మినా, నవ్వినా చీర తడవడం మనం చేసిన పాపం కాదని చెప్పింది. కింద పట్టి ఉంచే కండలు కాన్పులతో, వయసుతో వదులవుతాయంది. ఒంటికి వచ్చినప్పుడు ఆపుకుంటామే, అదే కండను బిగబట్టి వదలాలి, తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకుని నెలల పాటు రోజూ చేయాలి, చాలామందికి మెరుగవుతుంది, అందరికీ పూర్తిగా పోతుందని చెప్పలేం, పోకపోతే వేరే వైద్యాలున్నాయంది. నేను చెప్పిన మాటనే వాడింది, ఒంటికి ఆగకపోవడం అని. వెనక వరుసలో కిసుక్కున నవ్వారు, తర్వాత ఊపిరి బిగబట్టి విన్నారు.

అప్పుడు అంది. "మీ అందరిలాంటి ఒక పెద్దావిడ గురించి చెబుతానండీ. పేరు చెప్పను. ఆవిడ ఒకప్పుడు పాడి చేసుకుని ఇల్లిల్లూ తిరిగి పాలు పోసేవారు. ఇవాళ ఇంటి ముందు కొట్టంలో కార్లుంటున్నాయి. ఎక్కడ పెళ్లైనా ఆవిడ కథ చెబితే గాని పసుపు దంచరు. అలాంటి మనిషి ఇవాళ బస్సెక్కడానికి భయపడుతున్నారు. బయటికి వెళ్లాలంటే పొద్దున్నుంచి నీళ్లు తాగరు. ముదురు రంగు చీరలే కడతారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

నేను మొదట వినలేదు. అంటే విన్నాను, ఎవరో పాపం అనుకున్నాను. తర్వాత కుర్చీలు కిర్రుమన్నాయి. మా ఊరి వరుసలన్నీ నా వైపు తిరిగాయి. వాళ్లు నా మొహం చూడలేదు, నా చీర చూశారు, నా కుర్చీ చూశారు. పక్కనున్న కుమ్మరోళ్ల కోడలు నా ఒళ్లో ఉన్న నీళ్ల సీసాను మెల్లగా తీసి తన పక్కన పెట్టుకుంది. ఆమె మంచికే చేసింది. ఆ మంచికి నా చెవులు కాలిపోయాయి.

నాకు లేదు. ఆ జబ్బు నాకు లేదు. లేచి ఆ ముక్క అనాలని నోరు తెరిచాను. తెరుస్తూనే తలుపు వైపు చూశాను. మా వదినె తల వంచుకుని, రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుని ఉంది. పొద్దున్నే ఉతికిన బట్టలు, తలుపు పక్క కుర్చీ, మియాపూర్‌కు రమ్మంటే నడుము నొప్పి అనడం, పెళ్లింట్లో అన్నం తిని నీళ్లు తాగకుండా లేవడం, అన్నీ ఒక్కసారే నా కళ్లకు కట్టాయి.

నాకు కాదంటే, మరి ఎవరికి అంటారు. మా ఇంట్లో ఆ వయసు ఆడవాళ్లం ఇద్దరమే. తెరిచిన నోరు మూసుకున్నాను. గొప్ప గుణంతో మూసుకున్నానని అనుకోకండి. లేస్తే నా చీర వెనక చూస్తారని భయపడి కూర్చుండిపోయాను.

సాయంత్రం అమ్మాయి వెలిగిపోతున్న మొహంతో కిందికి వచ్చింది. "ఎలా ఉందండీ పిన్నిగారూ? చివర్లో అందరూ ఎంత నిశ్శబ్దంగా విన్నారో."

"ఆ పాలు పోసినామె ఎవరు బిడ్డా?"

ఆమె తడబడింది. "మీరు ఊళ్లో లేనప్పుడు మీ వదినగారు, పెద్దమ్మగారే, పైకి వచ్చి చెప్పారండీ. మా మరదలు ఎవరికీ చెప్పుకోదు, లోపల లోపల బాధ పడుతోందని. చెప్పొచ్చా అని అడిగాను. పేరు లేకపోతే ఏం కాదన్నారు. పేరు తీసేశాను కదండీ."

"ఈ ఊర్ల నన్ను పేరు పెట్టి ఎవరు పిలుస్తరు? పాలామె అంటరు, కొట్టమోళ్ల ఇల్లంటరు. నువ్వు పేరు ఒక్కటే దాచినవ్. మిగిలిందంతా చెప్పినవ్."

ఆ పిల్ల మెట్టు మీద కూలబడింది. మొహం మాడిపోయింది. "మా పనిలో మొదటి రూలే అదండీ. ఎవరి కథైతే వాళ్లనే అడగాలి. మిమ్మల్ని అడిగితే నొచ్చుకుంటారని, సులువు కదా అని పెద్దమ్మగారిని అడిగాను. రేపే అందరికీ చెబుతాను, అది కల్పించిన కథని."

"వద్దు. ఉండనియ్యి. ఇంక కెలుకుతే ఇంకా వాసనొస్తది." అంతకన్నా చెప్పలేదు. అది నా కథ కాదని కూడా ఆమెకు చెప్పలేదు.

వదినెతో నేను మాట్లాడలేదు. అన్నం పెట్టాను, చాయ్ ఇచ్చాను, మాట మాత్రం కలపలేదు. బయట నా బతుకు ఇలా ఉండేది. ఆటో ఎక్కితే నన్ను చివర కూర్చోబెట్టేవాళ్లు, దిగడానికి సులువని. కిరాణా కొట్టులో బేరం ఆపి, "నువ్వు పో అక్కా, జల్దీ పో, మేమాగుతం," అనేవాళ్లు. ఒక పేరంటానికి పోతే, ఆ ఇల్లాలు బొట్టు పెట్టకముందే చెవిలో, "బాత్రూం ఇటు పక్కనే," అంది. నేను నవ్వి తలూపాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఇంకో సంగతి ఉంది. మా బంధువుల పెళ్లి వచ్చింది. నేను పెట్టె అడుగు నుంచి చిలకపచ్చ చీర, పలచనిది, తీసి కట్టుకున్నాను. ఎందుకో మీకు తెలుసు. నలుగురూ చూడాలని. గ్లాసు నిండా నీళ్లు అందరి ముందూ తాగాను. వదినె వాకిట్లో నిలబడి ఆ చీరను చూసింది. ఆమె కాఫీ రంగు చీరలో ఉంది. పెళ్లికి రానంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను పెళ్లిలో కూర్చున్నాను గాని ఒక్క పాట చెవికెక్కలేదు. లేని జబ్బుకు నాకింత సిగ్గైతే, ఉన్న మనిషి ఇన్నేళ్లు ఏం మోసిందో అనిపించింది. ఆ చీర మళ్లీ కట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన బయటికి పోగానే వంటింట్లో ఆమె పక్కన కూర్చున్నాను.

"ఎప్పటి సంది వదినె?"

ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తూనే ఉంది. "మీ ఇంటికి రాకముందు సంది."

"నా మీదకెందుకు తోసినవ్?"

"నీకు నవ్వొస్తది. ఏదన్నా అయితే నవ్వి, నలుగురికీ చెప్పి, మళ్ల నవ్వుతవ్. నీకు తట్టుకునే గుణమున్నది. నాకు లేదు." చేతిలోని కాయను గిన్నెలో వేసి అంది. "ఆ పిల్ల మెట్ల మీద చదివినప్పుడు, తగ్గుతదని ఉన్నది గద అందుల. అడుగుదామని పోయిన. నాకు అనుడు నోటికి రాలే. నీ పేరొచ్చింది."

"నాతోని చెప్తే అయిపోవు గద."

"తమ్ముని ఇంట్ల ఉన్నదాన్ని. పరుపు నాశనం చేసింది ముసల్ది అని ఎవలన్నా అంటే, నేను ఏడికి పోవాలె?"

మెట్ల మీద నేనాడిన వేళాకోళం గుర్తొచ్చింది. ఇంట్లో కథలు చెప్పే నోరు ఉండగా, ఒక మనిషి తన బాధ చెప్పుకోవడానికి పై అంతస్తుకు ఎక్కాల్సి వచ్చింది.

"రేపు దవాఖానకు పోదాం," అన్నాను.

"పోను."

"నా పేరు మీద పోదాం. ఎట్లాగూ ఊరంతా నాకే ఉన్నదంటున్నరు. పోయిన ఇజ్జత్ మళ్ల పోతదా?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వి, వెంటనే లేచి బాత్రూంకు పోయింది. అది చూసి నేను నవ్వలేదు.

పైన అమ్మాయే ఒక దవాఖాన చెప్పింది, అక్కడ ఆ కసరత్తు నేర్పే నర్సమ్మ ఉందని. నాకోసమే అనుకుంది. కౌంటర్ దగ్గర నా పేరే రాయించాను. ఇద్దరం లోపలికి పోయాం. డాక్టరమ్మ నన్ను అడగడం మొదలుపెట్టింది. ఎప్పుడెప్పుడు అవుతుంది, ఎంత అవుతుంది. నేను వదినెకు ఉండేవి గుర్తు చేసుకుని చెబుతున్నాను.

"దగ్గినప్పుడు అయితదమ్మా," అన్నాను.

"లేచినప్పుడు కూడా," అంది వదినె వెనక నుంచి.

"రాత్రి కాదమ్మా, పగలే," అన్నాను.

"రాత్రి కూడా. నీకేం తెలుసు."

డాక్టరమ్మ పెన్ను ఆపింది. మా ఇద్దరినీ చూసింది. తిట్టలేదు, నవ్వలేదు. పరీక్ష చేసే మంచం మీద తెల్లదుప్పటి సర్దింది. "ఒకసారి చూడాలమ్మా. మీ ఇద్దరిలో ఎవరు పడుకుంటారు?" అంది.

ఇక్కడ నేను మోయగలిగింది ఏమీ లేదు. పేరు నాదిచ్చాను, సిగ్గు నేను పడ్డాను, ఆమె ఒళ్లు నేనెట్లా ఇస్తాను. తల వంచుకుని నిలబడ్డాను. ఇక వదినె ఇంటికే పోతుందనుకున్నాను. అంతా వృథా అనుకున్నాను.

చెప్పుల చప్పుడైంది. తలెత్తి చూస్తే మా వదినె చెప్పులు విడిచి, మంచం ఎక్కడానికి పీట మీద కాలు పెట్టింది.

డాక్టరమ్మ కాగితం మీద నా పేరు కొట్టేసి, "మీ పేరు చెప్పండమ్మా," అంది. వదినె చెప్పింది. అన్నేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆమె నోటి నుంచి ఆమె పేరు నేను వినడం అదే మొదలు.

నర్సమ్మ నేర్పింది. నెలలు పట్టింది. మధ్యలో విసుగొచ్చి మానేస్తానంది, నేను వెంటబడ్డాను. ఇప్పుడు చాలా నయం. పూర్తిగా పోలేదు. అందరికీ పోదని ఆ అమ్మాయి ముందే చెప్పింది కాబట్టి మేం ఎవరినీ తిట్టుకోలేదు. వదినె మియాపూర్‌కు నాతో వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని, దారిలో కొబ్బరిబొండాం తాగింది. పైన అమ్మాయికి తానే మెట్లెక్కి పోయి, అది తన కథేనని చెప్పి వచ్చింది. ఆ పిల్ల కిందికి దిగి వచ్చి నా ఎదుట నిలబడింది, నా చేతిలో చాట తీసుకుని బియ్యం ఏరింది.

ఊళ్లో మాత్రం ఇప్పటికీ నాకే ఉన్నదనుకుంటారు. గేటు దగ్గర నన్ను పట్టుకుని, "మా చెల్లెకు అక్కా, చెల్లెకు," అని మెల్లగా అడుగుతారు. ఆ చెల్లె ఎవరో నేను అడగను. చెల్లెను దవాఖానకు పొమ్మంటాను, చాలామందికి నయమవుతుంది, అందరికీ కాదు అని రెండు ముక్కలూ కలిపే చెబుతాను. చెబుతుంటే నా మొహం ఇప్పటికీ వేడెక్కుతుంది. మీతో చెబుతుంటే కూడా.

ఈ సంగతి చెప్పే ముందు అడగాల్సిన మనిషినే అడిగాను. వదినె చిక్కుడు పాదుకు నీళ్లు పోస్తోంది.

"పేరు చెప్పను వదినె. అయినా తెలుస్తది."

"తెలవనీ," అంది. చెంబులో మిగిలిన నీళ్లు పాదులో పోసి, "ఆ చిలకపచ్చ చీర సంగతి కూడా చెప్పు," అంది. చెప్పాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంటి ఆడవాళ్లు దాహమైనప్పుడు దాహం తీరా నీళ్లు తాగాలి, నచ్చిన రంగు చీర కట్టాలి, నవ్వొస్తే పొట్ట పట్టుకుని నవ్వాలి. మీ ఇంట్లో ఎవరి బాధ వాళ్ల పేరు మీదే చెప్పుకునేంత చోటు ఎప్పుడూ ఉండాలి. పోయేముందు ఆ నీళ్లు తాగి వెళ్లండి.